హిమమా, సాగరమా?



మే నెల కుటుంబ యాత్ర ఎక్కడికి అని మన గ్రూపులో నాలుగు రోజులుగా జరుగుతున్న వాదం మేమూ చదువుతా ఉన్నాము. చిన్నవాళ్లు మంచు అంటారు: మనాలి, లేకుంటే గుల్మార్గ్, స్కీ బల్లలు కట్టుకొని జారాల. పెద్దవాళ్లు కొందరు సముద్రం చాలు అంటారు. ఎవరూ ఒక మాట అడగలేదు. వచ్చే కుటుంబాల్లో ఐదారేళ్లు నిండని పిలకాయలు ఎంతమంది? మేము లెక్క పెడితే పదకొండు తేలింది. ఆ పదకొండు మంది తరపున ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

కన్యాకుమారి నుండి కట్రా దాకా వారానికి ఒకసారి పోయే హిమసాగర్ ఎక్స్‌ప్రెస్ మన కోయంబత్తూరు మీదుగానే పోతుంది. కౌంటర్లో కూర్చున్న కాలంలో ఆ పేరు రాసిన ఫారాలు ఎన్నో మా చేతి మీదుగా పోయినాయి. పేరులోనే రెండు కొనలూ ఉన్నాయి చూడండి, ఒక పక్క హిమం, ఒక పక్క సాగరం. మనం ఉండేది నడుమ అనుకుంటాము గాని, కాదు. మన ఊరి నుండి ఆ హిమం కొనకు రెండు రోజులకు పైనే రైలులో కూర్చోవాల. సాగరం కొన అంత దూరం కూడా అక్కరలేదు. పాలక్కాడు దాటి, షోరనూరు దాటి, నాలుగైదు గంటల్లో కోళికోడు, అదే మన నోట కాలికట్, వచ్చేస్తుంది. పొద్దున ఇడ్లీ పొడి కట్టుకొని ఎక్కితే మధ్యాహ్నం పెరుగన్నం సముద్రం పక్కన తినొచ్చు.

విమానంలో పోతే దూరం ఏముంది అంటారు. విమానం దిగినాక కొండదారి ఉంది గదా, అది ఎవరూ చెప్పరు. పోయిన ఏడాది మా కూతురు, అల్లుడు ఇద్దరు పిలకాయలతో మనాలి పోయినారు. తోడుగా మేమిద్దరం కూడా పోయినాము. పెద్దోడికి నాలుగేళ్లు, చిన్నదానికి ఏడాదిన్నర. ఐదు రోజుల ప్యాకేజీ. అందులో బండిలో, విమానంలో, వరుసల్లో పోయిన కాలం తీసేస్తే మంచు మీద నిలబడింది ఎంతసేపు? మా ఇంట్లో ఆమె లెక్క పెట్టి చెప్పింది, ఒకటిన్నర గంట. అందులో కూడా ముక్కాలు గంట బూట్లు వేసేదానికే సరిపోయింది. దారిలో అంగళ్లలో బాడుగకు ఇచ్చే కోట్లు, రబ్బరు బూట్లు ఉంటాయి. పిల్లోడి కాలికి సరిపోయే జత దొరకలేదు. పెద్ద బూట్లలో కాగితం కూరి తొడిగినారు. వాడు రెండడుగులు వేసి పడినాడు, చేతికి మంచు తగిలింది, ఏడుపు ఎత్తుకున్నాడు. చిన్నది అమ్మ చంక దిగనే లేదు. ఫోటోలో మాత్రం అందరూ నవ్వుతూ ఉన్నారు. గ్రూపులో పెడితే మీరంతా గుండె బొమ్మలు వేసినారు, మాకు బాగా గుర్తుంది.

ఇది ఆ ఊరి తప్పు కాదు. మనాలి అందమైన ఊరు. తప్పు మన పంచాంగంలో ఉంది. మన బడులకు పెద్ద సెలవులు ఏప్రిల్ ఆఖరు నుండి మే నెలంతా. మంచు బాగా ఉండేది జనవరి, ఫిబ్రవరి. ఆ నెలల్లో మన పిలకాయలకు పరీక్షల తయారీ. మేలో మనం పోయేసరికి మంచు కిందనుండి కరిగి పైకి పోయి ఉంటుంది, దాని వెనకాల మనం కూడా పైకి ఎక్కాల. మనాలి 2,000 మీటర్ల ఎత్తు, అది మన ఊటీ మాదిరే, పరవాలేదు. కాని మే నెలలో మంచు కావాలంటే రోహ్తాంగ్ కనుమ దాకా పోవాల, అది 3,978 మీటర్లు. నీలగిరిలో అన్నిటికంటే ఎత్తైన దొడ్డబెట్ట 2,637 మీటర్లే. గుల్మార్గ్ ఊరే దాదాపు దొడ్డబెట్ట శిఖరమంత ఎత్తులో ఉంది. అక్కడినుండి తీగ బండిలో రెండో మజిలీ పోతే 4,000 మీటర్లకు దగ్గర. 2,500 మీటర్లు దాటినాక గాలి పలచబడి తలనొప్పి, వాంతి, నిద్రలేమి రావచ్చునని, ఆగి ఆగి ఎక్కమని డాక్టర్లు చెప్తారు. పెద్దవాళ్లం తల నొస్తోందని నోరు తెరిచి చెప్తాము. ఏడాదిన్నర బిడ్డ ఏమని చెప్తుంది? ఏడుస్తుంది. మనం ఆకలి అనుకొని పాలసీసా నోట్లో పెడతాము.

స్కీ సంగతి. చలి దేశాల్లో మూడు నాలుగేళ్లకే పిలకాయలు స్కీ నేర్చుకుంటారు, అమెరికాలో ఉండే మన చుట్టాల పిలకాయలు జారేది వీడియోలో మేమూ చూసినాము. వాళ్లకు ఆ మంచు వాకిట్లోనే ఉంది. కాలికి సరిపోయే బూటు, నేర్పే మాస్టరు, పడినా మళ్లీ వచ్చే వారం పోవచ్చుననే ధైర్యం. మనకు ఒక్క పూట. ఒక్క పూటలో ఎవరికీ స్కీ రాదు. ఒకరు పట్టుకొని తోస్తే ఇరవై అడుగులు జారి దిగడమే. పన్నెండు, పదిహేనేళ్ల పిలకాయలు ఉన్నవాళ్లు పోండి, మేము అడ్డం చెప్పము. పోతే చలికాలంలో పోండి, ఒకే చోట వారం ఉండి నిజంగా నేర్చుకొని రండి. కత్రాకు రైలు దిగి, 2025 జూన్‌లో మొదలైన వందే భారత్ ఎక్కి చీనాబ్ వంతెన మీదుగా శ్రీనగర్ పోండి. నదికి 359 మీటర్ల పైన ఆ వంతెన. రైల్వేలో పని చేసినవాళ్లకు అది చూడాలని ఉంటుంది, మాకూ ఉంది. కాని మా ఆశ కోసం నాలుగేళ్లోడిని ఈడ్చుకొని పోకూడదు గదా.

ఊటీ పోదామని మా ఇంట్లో ఆమె వాదం. అది కొట్టిపారేసే మాట కాదు. మన తుడియలూరు మీదుగా పోయే లైనే మేట్టుపాళయంలో కొండ రైలుకు అందిస్తుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను, 2005 నుండి యునెస్కో జాబితాలో ఉంది. 46 కిలోమీటర్లకు పైకి పోయేటప్పుడు దాదాపు ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో పిలకాయలకు నచ్చేది లోయలు కాదు, అడవి కాదు. దారిలో ఆవిరి ఇంజను ఆగి నీళ్లు తాగుతుంది చూడండి, అది. మా కొడుకు చిన్నప్పుడు ఊటీ మొత్తం మరిచిపోయి ఆ నీళ్ల గొట్టం ఒక్కటే నెలపాటు చెప్పినాడు. కాని మే నెలలో ఆ రైలులో చోటు దొరికేది కష్టం. సొంత బండిలో అయితే 2024 మే 7 నుండి హైకోర్టు ఆర్డరు ప్రకారం ఈ-పాస్ తీసుకోవాల. పైకి ఎక్కినాక బండ్ల వరుసలో పిలకాయలకు మూత్రానికి ఆపే చోటు ఉండదు. ఊటీకి డిసెంబరు ఆఖరులో, అరపరీక్షల సెలవుల్లో పోండి. తెల్లారి గడ్డి మీద తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. మన ఇళ్లలో మంచు అంటే ముందునుండీ అదే. ఆ తెల్లటి గడ్డిని పిల్లోడు చేత్తో తడిమి చూస్తే చాలు, మనాలి పోయినట్టే.

ఇక సముద్రం. మనాలి నుండి వచ్చిన రెండు నెలలకు, పిల్లోడి మొహం చూసి జాలి వేసి, మేమే పూనుకొని ఇద్దరినీ కాలికట్ తీసుకుపోయినాము. రెండు రాత్రులు, ఒకే లాడ్జి, నడిచి పోయే దూరంలో ఇసుక. పిల్లోడు చెప్పులు విడిచి పరుగెత్తినాడు. ఎవరూ వాడికి ఏమీ తొడగలేదు, ఏమీ నేర్పలేదు. తవ్వినాడు, నీళ్లు పోసినాడు, అల వచ్చి చెరిపేసింది, మళ్లీ తవ్వినాడు. చిన్నది అరచేత్తో ఇసుక కొట్టి తనంతట తానే నవ్వుకుంది. మా కూతురు పెళ్లయినాక మొదటిసారి అనుకుంటాము, రెండు గంటలు కాళ్లు చాపుకొని ఊరికే కూర్చున్నది. సెలవు అంటే ఇంట్లో పని ఎవరు చేస్తారో వాళ్లకు గదా. మనాలిలో ఆమె ఒక్క పూట కూర్చున్నట్టు మాకు గుర్తు లేదు. చంకలో బిడ్డ, చేతిలో సంచి, ఫ్లాస్కులో వేడినీళ్లు.

ఇంకొకటి జరిగింది, అది చెప్పేదానికే అసలు ఈ రాత. పిల్లోడు బడిలో ఇంగ్లీషు, వీధిలో తమిళం. ఇంట్లో తెలుగు మాట్లాడితే వింటాడు, జవాబు మాత్రం తమిళంలో ఇస్తాడు. మనందరి ఇళ్లలో ఇదే కథ, కొత్తగా చెప్పేది ఏమీ లేదు. మేము చదివింది కూడా తమిళంలోనే, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నవి. ఆ సాయంత్రం వాడి అవ్వ ఇసుకలో కూర్చొని ఉంది. వాడు ఒక్కొక్కటే ఏరుకొచ్చి ఒళ్లో వేసి అడుగుతాడు, "అవ్వా, ఇది ఏంది?" గవ్వ. "ఇది?" నత్తగుల్ల. "అది పరుగెత్తేది?" ఎండ్రకాయ. "తెల్లగా ఉండేది?" నురుగు. ఆటు, పోటు అని ఆమె చెప్పితే మేమే ఆశ్చర్యపోయినాము, ఆ మాటలు ఆమెకు ఎవరు నేర్పినారో. రాత్రి నిద్రపోయే ముందు వాడు "ఎండ్రకాయ నాకు భయపడింది" అన్నాడు, పూర్తి తెలుగు వాక్యం. మనాలిలో ఐదు రోజులు వాడితో పెద్దవాళ్లం మాట్లాడిన మాటలు ఏమిటి? లే, ఎక్కు, దిగు, నవ్వు, ఫోటో. కాలికట్‌లో అవ్వకూ వాడికీ చేసేదానికి పని ఏమీ లేదు, అందుకే మాట్లాడుకున్నారు.

సముద్రం ఆటవస్తువు అని మేము అనము. 2024 మేలో కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలకు కొట్టుకుపోయినారు, అందరూ పెద్దవాళ్లే. దూర సముద్రంలో పుట్టిన అలలు ఇక్కడ గాలి లేకపోయినా ఒడ్డుకు ఎగిసి వస్తాయి, కేరళలో దాన్ని కళ్ళక్కడల్ అంటారు. హైదరాబాదులో ఉండే ఇన్‌కాయిస్ అనే కేంద్రం ముందుగానే హెచ్చరిక ఇస్తుంది, వార్తల్లో వస్తుంది, చూడండి. హెచ్చరిక ఉన్న రోజు ఇసుక చాలు, నీళ్లు వద్దు. హెచ్చరిక లేని రోజు కూడా పిల్లోడు చేయి అందే దూరం దాటకూడదు, ఫోను సంచిలో ఉండాల. జూన్ మొదట్లో వానకాలం వచ్చేస్తే పడమటి సముద్రం పిలకాయలకు పనికిరాదు. అందుకని మే రెండో వారం దాటకుండా పోవాల. ఎండకు ఉదయం ఎనిమిది లోపల, సాయంత్రం నాలుగున్నర తర్వాత. నడుమ లాడ్జిలో నిద్ర.

రామేశ్వరం ఎందుకు కాదు అని ఇద్దరు అడిగినారు. కొత్త పాంబన్ వంతెన 2025 ఏప్రిల్‌లో తెరిచినారు, మన ఊరి నుండి వారానికి ఒక రైలు ఉంది, మాకూ ప్రీతే. కాని అది యాత్ర. 22 తీర్థాల నీళ్లు పోసుకొని తడిబట్టలతో వరుసలో నిలబడాల, చిన్న బిడ్డకు అది సెలవు కాదు. కన్యాకుమారిలో సూర్యోదయం బాగుంటుంది, స్నానానికి రాళ్లు ఎక్కువ.

మా ఆలోచన ఇది: యాత్ర రెండుగా చేద్దాము. పెద్ద పిలకాయల కుటుంబాలు మంచుకు, వాళ్ల సెలవు చూసుకొని వేరే నెలలో. చిన్న పిలకాయల కుటుంబాలు మేలో కాలికట్‌కు, అవ్వాతాతలతో కలిసి. ఖర్చు తేడా మేము చెప్పనక్కరలేదు, మీరే లెక్క వేసుకోండి. 2024 నవంబరు నుండి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తారు, ముందు మాదిరి 120 కాదు, కాబట్టి మార్చి మొదటి వారానికే పేర్లు కావాల. ఒక ఫారంలో ఆరుగురే పడతారు. ఐదేళ్లు నిండని బిడ్డకు బెర్తు అడగకపోతే టికెట్టు లేదు. ఐదు నిండి పన్నెండు నిండని పిలకాయకు బెర్తు కావాలంటే నిండు చార్జీ, వద్దంటే సగం, 2016 నుండి ఇదే రూలు. పగటి ప్రయాణమే, ఒళ్లో కూర్చోబెట్టుకుందాము అనుకునేవాళ్లు ఇప్పుడే చెప్పండి. పేరు పంపేటప్పుడు బిడ్డ వయసు కాదు, పుట్టిన తేదీ రాయండి. ప్రయాణం రోజుకు ఐదు నిండుతుందా లేదా మేము చూసి ఫారం నింపుతాము.