గుర్రమెక్కిన రాచరికం

బ్రునై రాకుమారుడు అబ్దుల్ మతీన్ పెళ్లి వేడుకలు 2024 జనవరిలో పది రోజులు సాగాయి. విదేశీ పత్రికల్లో ఆయన పేరు వెంట చాలాచోట్ల కనిపించిన మాట ‘పోలో ఆటగాడు’. అందులో అతిశయోక్తి లేదు. 2017లో కౌలాలంపూర్ ఆగ్నేయాసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన బ్రునై పోలో జట్టులో ఆయనా, సోదరి అజెమా కూడా ఉన్నారు. తండ్రి సుల్తాన్ హసనల్ బోల్కియా కూడా ఒకప్పుడు పోలో వీరుడే. 1,788 గదుల ఆయన ప్యాలెస్‌లో 200 గుర్రాలకు ఏసీ శాల ఉందన్నది లోకమంతా చెప్పుకునే ముచ్చట.

ఈ దృశ్యం చూసి ఇదేదో తాతల నాటి సంప్రదాయం అనుకుంటే పొరపాటే. బ్రునైది నీటి సంస్కృతి. మెగలాన్ దండులో మిగిలిన ఓడలు 1521లో అక్కడికి చేరినప్పుడు, వాటిలో వచ్చిన పిగఫెట్టా నీటి మీద స్తంభాలపై నిలిచిన నగరాన్ని వర్ణించాడు. అతిథులను సుల్తాన్ కొలువుకు తీసుకెళ్లినవి ఏనుగులు. కాంపాంగ్ అయెర్ అనే ఆ నీటి ఊరు నేటికీ ఉంది. అక్కడి జనం పోటీ పడేది పడవల మీదే.

మరి పోలో ఎక్కడిది? మన మణిపూర్‌ది. మణిపురీలు సగోల్ కాంగ్జై పేరుతో తమ పొట్టి గుర్రాల మీద ఆడుకునే ఆటను తెల్లదొరలు నేర్చుకుని 1859లో సిల్చార్‌లో క్లబ్బు పెట్టారు. సామ్రాజ్యం వెళ్లిన చోటికల్లా ఆట వెళ్లింది. బోల్కియా, మతీన్ ఇద్దరూ బ్రిటన్‌లోని శాండ్‌హర్‌స్ట్ సైనిక అకాడమీలో శిక్షణ పొందినవారు. సెరియాలో 1929లో పడ్డ చమురు గుర్రాలకూ, జెరుడాంగ్‌లోని పచ్చటి మైదానానికీ డబ్బు సమకూర్చింది.

పోలో రాజుల ఆట కావడం మనకూ కొత్త కాదు. జైపూర్ మహారాజా రెండో మాన్‌సింగ్ 1970లో ఇంగ్లాండ్‌లో పోలో ఆడుతూనే కన్నుమూశారు. మరుసటి ఏడాదే పార్లమెంటు రాజభరణాలు రద్దుచేసింది. మన దగ్గర ఆట మిగిలింది, రాజ్యం పోయింది.

బ్రునైలో కథ మరోలా నడిచింది. 1962 ఎన్నికల్లో అజహరి నాయకత్వంలోని ప్రజాపార్టీ ఘనవిజయం సాధించింది. అదే డిసెంబరులో తిరుగుబాటు లేచింది, గూర్ఖాలు సహా బ్రిటిష్ సేనలు అణచివేశాయి. అప్పుడు విధించిన ఎమర్జెన్సీని రెండేళ్లకోసారి పొడిగిస్తూనే ఉన్నారు. చట్టసభకు చివరి ఎన్నికలు జరిగింది 1965లో. 2004లో సభను పునరుద్ధరించినా సభ్యులను నియమించేది సుల్తానే. ప్రధాని ఆయనే, ఆర్థిక, రక్షణ మంత్రీ ఆయనే. సుల్తాన్ ఏ హోదాలోనూ తప్పు చేయజాలడని అదే ఏడాది రాజ్యాంగంలో రాసుకున్నారు. ఇంత నిక్కచ్చిగా రాసుకున్న రాజ్యాంగాలు అరుదు.

బదులుగా ప్రజలకు దక్కేది తక్కువేం కాదు. వ్యక్తిగత ఆదాయపన్ను లేదు, చదువు, వైద్యం దాదాపు ఉచితం. జనాభా నాలుగున్నర లక్షలే కాబట్టి ఈ బేరం ఇన్నాళ్లూ నడిచింది. కానీ లెక్క అడిగే హక్కు లేకపోతే ఏమవుతుందో సుల్తాన్ తమ్ముడు జెఫ్రీ ఉదంతంలో తేలింది. ఆర్థికమంత్రిగా పనిచేసిన ఆయన అమెడియో సంస్థ 1998లో కుప్పకూలింది. 1,480 కోట్ల డాలర్ల ప్రభుత్వ సొమ్ము దారిమళ్లిందన్నది ఆరోపణ, ఆయన ఒప్పుకోలేదు. అన్న ప్రభుత్వం తమ్ముడి మీద వేసిన దావా 2000లో కోర్టు బయట రాజీతో ముగిసింది. సొమ్ము ఎవరిదో వారిని మాత్రం ఎవరూ సంప్రదించలేదు. 2014లో చమురు ధర పడిపోయాక బడ్జెట్‌కు లోటు వచ్చింది. పొదుపు చేయాల్సివచ్చినప్పుడు కూడా పద్దు నిర్ణయించేది ప్యాలెస్సే.

జెరుడాంగ్‌లో పోలో మైదానానికి దగ్గర్లోనే 1994లో ప్రజల కోసం ఓ వినోదాల పార్కు తెరిచారు. మొదట్లో ప్రవేశం, రైడ్లు అన్నీ ఉచితం. అమెడియో పతనం తర్వాత పార్కు కళ తప్పింది. పెద్ద రైడ్లను అమ్మేశారు. రాకుమారుడి పోలో ఫోటోలకు మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షలాది లైకులు పడుతున్నాయి.