తోచినంత ఇస్తే అది కూలి కాదు

ఈ మధ్య కడపలో అసంఘటిత రంగ స్త్రీల హక్కులపై రెండు రోజుల సదస్సు జరుపుకున్నాం. మా చెల్లెలి మూడేళ్ల పాప అప్పుడు నా దగ్గరే ఉంది. పాపను చూసుకోమని మా వీధిలో ఒకామెను పిలిచాను. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, రెండు రోజులు. చివర్న ఎంతివ్వమంటావని అడిగితే, "మీకు తోచింది ఇయ్యండి అక్కా" అంది. ఐదు వందలు, ఒక చీర ఇచ్చాను. ఇచ్చినందుకు కాస్త తృప్తి కూడా పడ్డాను.

ఆమె కువైట్‌లో పిల్లల్ని చూసే పని చేసి వచ్చిన మనిషి. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఆ పనికి వెళ్లే స్త్రీల కష్టాలు మనకు తెలుసు. పాస్‌పోర్టు లాక్కోవడం, జీతం ఎగ్గొట్టడం గురించి ఎన్నో సభల్లో మాట్లాడాం. ఆ కువైటే 2015లో ఇంటిపనివాళ్లకు చట్టం చేసింది. పని రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికొక సెలవు ఉండాలి. 2016లో నెలకు 60 దినార్ల కనీస వేతనం నిర్ణయించింది. అమలు ఎలా ఉన్నా, కాగితం మీద ఒక లెక్క ఉంది. హక్కుల సదస్సుకు వెళ్తూ నేను చేయించింది 13 గంటలు!

మన దగ్గరా ఇంటిపనిని 2007లో కనీస వేతనాల పరిధిలోకి తెచ్చారు. ఇంటిపనివాళ్లకు మర్యాదైన పని కోసం 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందానికి భారత్ ఓటేసింది గానీ, దాన్ని ధ్రువీకరించలేదు. అప్పుడప్పుడూ పిల్లల్ని చూసే మనిషి సంగతి మాత్రం పూర్తిగా పిలిచినవాళ్ల దయ మీదే నడుస్తోంది.

ఈ పనికి ధర ఎందుకు లేదు? తల్లి ఉచితంగా చేస్తుంది కాబట్టి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఒక స్త్రీ శ్రమకు విలువ లేనప్పుడు, ఆమె బదులు వచ్చిన స్త్రీ శ్రమా చవకే అవుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. 2025-26కు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38. ఇది అట్టడుగు లెక్క, న్యాయమైన ధర కాదు. దీని ప్రకారమే ఆమెకు దాదాపు వెయ్యి రావాలి, నేనిచ్చింది సగం. మూడు గంటలకు పిలిచినా ఆమె వేరే పని పోతుంది కాబట్టి కనీసం సగం రోజు కూలి ఇవ్వాలి. చీకటి పడ్డాక ఎక్కువ ఇవ్వాలి, ఆటో ఖర్చు వేరే. అన్నం, పాత చీర కూలి కిందికి రావు. గిన్నెలు తోమిస్తే అది ఇంకో పని.

మన జీతాలే అంతంతమాత్రం కదా అనొచ్చు. నిజమే. అయితే సభలకు భోజనాల ఖర్చు రాసినట్టే పిల్లల సంరక్షణ ఖర్చూ బడ్జెట్‌లో రాద్దాం. ఇంట్లో ఆ ఖర్చు తల్లి సంపాదన నుంచే పోవాలన్న అలవాటునూ ప్రశ్నిద్దాం.

మిగతా డబ్బు పట్టుకుని వెళ్లి, ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. "పని అయిపోయినాక అడిగితే ఏం చెప్పేదక్కా? ముందే అడగాల" అంది. మన సంఘాల్లో ఈ చర్చ అక్కడి నుంచే మొదలుపెడదాం.