గుహ కప్పు మీద అడవిదున్నలు

మనుషులు ముందు నేర్చుకున్నది రాయటమా, బొమ్మలు గీయటమా?

మీ ఇంట్లో పసివాళ్ళుంటే ఈ ప్రశ్నకు జవాబు మీకు వెంటనే తెలుస్తుంది. ఓనమాలు రాకముందే, బొగ్గుముక్క ఒకటి దొరికితే చాలు, వాళ్ళు గోడంతా ఖరాబు చేసిపెడతారు. మానవజాతి సంగతి కూడా అంతే. రాత పుట్టి సుమారు 5,000 ఏళ్ళయింది. సుమేరియా, ఈజిప్టు దేశాలవాళ్ళు దానికి ఆద్యులు. బొమ్మలు గీయటం అంతకన్న ఎన్నోరెట్లు పాతది. ఇండొనేషియాలోని సులవేసి దీవిలో ఒక గుహలో అడవిపందినీ, దాని చుట్టూ మనుషులనూ ఎవరో ఎర్రరంగుతో వేశారు. ఆ బొమ్మ వయస్సు 51,200 ఏళ్ళకు తక్కువ ఉండదని 2024లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఆదిమానవుడు బొమ్మలు వేశాడంటే ఈనాడు ఎవరూ కాదనరు. కాని 1880లో ఈ మాట అన్న ఒక పెద్దమనిషిని పండితులు మోసగాడి కింద జమకట్టారు. పిల్లలూ, ఈ నెల ఆయన కథ చెప్పుకుందాం.

స్పెయిన్ దేశపు ఉత్తర భాగంలో, సముద్రానికి ఎంతో దూరం లేకుండా, శాంతిల్యానా దెల్ మార్ అనే పాత ఊరున్నది. ఊరి పక్కన పచ్చిక మేసే గుట్ట ఒకటి. దాని పేరు ఆల్టమీరా. 1868లో ఒక వేటగాడి కుక్క ఆ గుట్ట మీద రాళ్ళ సందులో ఇరుక్కుపోయింది. కుక్కను పైకి తీయబోయి రాళ్ళు కదిలించేసరికి లోపల గుహ కనిపించింది. ఆ చుట్టుపక్కల గుహలకేమీ కొదవ లేదు. అందుచేత ఈ కొత్త గుహను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ప్రాంతంలోనే మార్సెలీనో సాన్స్ దె సౌతువోలా అనే భూస్వామి ఉండేవాడు. ఆయనకు పాతవస్తువులంటే ప్రాణం. 1878లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళి, ఆయన అక్కడ ఆదిమానవులు వాడిన రాతి పనిముట్లనూ, వాళ్ళు ఎముకల మీద చెక్కిన చిన్నచిన్న బొమ్మలనూ చూశాడు. "ఇలాంటివి మా గుహలోనూ దొరకవచ్చుగదా!" అన్న ఆశ ఆయనకు కలిగింది. మరుసటి ఏడు, అంటే 1879లో, ఆయన ఆల్టమీరాలో తవ్వటానికి వెళుతూ ఎనిమిదేళ్ళ కూతురు మరీయాను కూడా వెంటబెట్టుకుపోయాడు.

తండ్రి తల వంచుకుని నేల తవ్వుతున్నాడు. పిల్లకు ఎంతసేపని తోస్తుంది? దీపం పట్టుకుని కాస్త లోపలికి వెళ్ళింది. అక్కడ గుహ కప్పు బాగా కిందికి ఉన్నది. పెద్దవాళ్ళు నడుము వంచితే తప్ప నడవలేరు. నడుము వంచుకుని నడిచేవాడు నేలనే చూస్తాడు గాని కప్పును చూడడుగదా! సౌతువోలా అంతకు ముందే ఒకసారి ఈ గుహలోకి వచ్చి వెళ్ళాడు. అయినా తన నెత్తిన ఏమున్నదీ ఆయనకు తెలియలేదు. మరీయాకు వంగవలసిన అవసరం లేదు. ఆ పిల్ల నిటారుగా నిలబడి తల పైకెత్తింది.

"నాన్నా, ఎద్దులు!" అని కేక పెట్టిందట.

అవి ఎద్దులు కావు, బైసన్ అనే జాతి అడవిదున్నలు. కప్పు నిండా అవే. కొన్ని నిలబడి ఉన్నాయి. కొన్ని కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాయి. వాటి నడుమ గుర్రాలు కూడా ఉన్నాయి. ఒక ఆడజింక అయితే రెండు మీటర్ల పై చిలుకు పొడవున్నది.

వాటిని వేసిన పద్ధతి తెలుసుకోదగినది. ఆ కప్పు రాయి మన గోడల్లాగా నున్నగా ఉండదు. అక్కడక్కడా బుడిపెల్లాగా ఉబ్బి ఉంటుంది. మనమైతే, "ఈ ఎగుడుదిగుడు రాతి మీద బొమ్మ ఎలా వేసేది?" అని విసుక్కుంటాం. ఆ చిత్రకారుడు ఆ ఉబ్బులను చూసి సంతోషించి ఉంటాడు. ఒక ఉబ్బును దున్న పొట్టగా చేశాడు. మరొకదాన్ని మూపురం చేశాడు. ముందు చెకుముకిరాతి మొనతో రాతి మీద గీతలు చెక్కి, వాటి వెంట బొగ్గుతో నల్లగా దిద్ది, లోపల ఎర్రరంగు పులిమాడు. కొన్నిచోట్ల ఆ రంగును గీకి పలచన చేశాడు. అందువల్ల జంతువు ఒళ్ళు గుండ్రంగా కండపట్టి కనిపిస్తుంది.

ఆ ఎర్రరంగు ఎక్కడిదనుకున్నారు? అది జేగురు! మన పల్లెటూళ్ళలో గోడల అంచులకూ, అరుగులకూ పూసే ఎర్రమట్టికి చుట్టమే. అందులో ఇనపతుప్పు ఉంటుంది. ఆకుపసరు రంగు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది గాని, తుప్పు మరి వెలవదు. అదే దాని గొప్ప.

ఇక గుహలో వెలుతురు సంగతి. గుల్లగా ఉన్న రాతిలో జంతువుల కొవ్వు పోసి, వత్తి వేసి వెలిగించేవాళ్ళు. మన ప్రమిదలాంటిదే. ఈసారి రాత్రివేళ కరెంటు పోయినప్పుడు, పెద్దవాళ్ళను దగ్గిర ఉంచుకుని, ఎగుడుదిగుడుగా ఉన్న గోడ ముందు దీపాన్ని అటూ ఇటూ జరిపి చూడండి. ఉబ్బుల నీడలు కదులుతాయి. ఆ దీపపు వెలుతురులో ఆల్టమీరా దున్నలు ఊపిరి తీస్తున్నట్టుండేవంటే నమ్మకుండా ఎలా ఉంటాం?

సౌతువోలా ఆ బొమ్మలను చూసి ఆలోచించాడు. బైసన్లు స్పెయిన్ లో అంతరించి వేల ఏళ్ళయింది. కళ్ళతో చూడని జంతువును ఇంత ప్రాణం ఉట్టిపడేలాగా ఎవరు వేస్తారు? పైగా పారిస్ లో తాను చూసిన ఎముక బొమ్మలకూ వీటికీ పోలిక ఉన్నది. 1880లో ఆయన ఈ సంగతులన్నీ ఒక చిన్న పుస్తకంగా ప్రకటించాడు. అందులో గొప్పలేమీ చెప్పుకోలేదు. తనకన్న తెలిసినవాళ్ళు వచ్చి పరిశీలించాలని మాత్రం కోరాడు.

మాడ్రిడ్ లో విలనోవా అనే ఆచార్యుడు గుహను స్వయంగా చూసి, సౌతువోలా చెప్పినది నిజమేనని ఒప్పుకున్నాడు. ఆ ఏడే లిస్బన్ నగరంలో ఆదిమానవ చరిత్ర పండితుల మహాసభ జరిగింది. విలనోవా అక్కడ ఈ బొమ్మల గురించి ఎంత చెప్పినా పండితులు చెవిని పెట్టలేదు. ఫ్రాన్సు దేశపు ఎమీల్ కార్తైయాక్ వంటి పేరుమోసినవాళ్ళే ఇవి దొంగబొమ్మలన్నారు.

వాళ్ళకు తోచిన అభ్యంతరాలు ఇవి: రంగులు నిన్న మొన్న వేసినట్టున్నాయి. దీపాలు వెలిగించి వేస్తే కప్పుకు మసి పట్టాలిగదా, అదీ కనిపించదు. వీటన్నిటినీ మించినది మరొకటి. రాతి గొడ్డలితో తిరిగే అడవిమనిషికి ఇంత విద్య ఎక్కడినుంచి వస్తుంది? బొమ్మలను చూసి నకలు వేయటానికి సౌతువోలా ఒక ఫ్రెంచి చిత్రకారుణ్ణి పెట్టుకున్నాడు. పాపం, అతను మూగవాడు. "ఇవన్నీ అతని చేతే వేయించి ఉంటాడు!" అన్నారు.

మొదటి రెండు అభ్యంతరాలూ సబబైనవే. సందేహించటం శాస్త్రజ్ఞుడి పని. కాని కార్తైయాక్ ఆ గుహలో అడుగైనా పెట్టకుండానే తీర్పు చెప్పేశాడు. 1881లో ఒక ఫ్రెంచి ఇంజనీరు వెళ్ళి చూసి, బొమ్మలు కొత్తవేనని రాస్తే, ఆ మాటే ఆయనకు చాలింది.

సౌతువోలాకు ఇంతకన్న అవమానం ఏముంటుంది? ఆయన 1888లో కన్నుమూశాడు. నింద అలాగే ఉండిపోయింది. 1893లో విలనోవా కూడా పోయాడు. ఇక ఆ గుహ తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

అయితే నిజం మరొకచోట బయటపడసాగింది. 1895లో ఫ్రాన్సులో లా మూత్ అనే గుహ ద్వారాన్ని మూసి ఉన్న పూడిక తీస్తే, లోపల గోడల మీద జంతువుల బొమ్మలు కనిపించాయి. ఆ పూడిక వేల ఏళ్ళనాటిది. దాన్ని దాటి కొత్తవాళ్ళెవరూ లోపలికి పోయి ఉండరు. 1901లో మరి రెండు గుహలు బయటపడ్డాయి. అక్కడ కొన్ని బొమ్మల మీద సున్నపురాతి పొర గడ్డకట్టి ఉన్నది. నీటిచుక్కలు కారికారి అలాంటి పొర ఏర్పడటానికి ఎంతో కాలం పడుతుంది. ఏ దొంగ చిత్రకారుడు అంతకాలం కాచుకుని కూచుంటాడు?

1902లో కార్తైయాక్ తన తప్పు ఒప్పుకుంటూ ఒక వ్యాసం ప్రకటించాడు. దాని పేరులోనే "అపరాధం నాది" అన్న అర్థం వచ్చే లాటిన్ మాట పెట్టాడు. అంత పేరున్న పండితుడు నలుగురిలో అలా రాయటం తేలిక కాదు. అదే సంవత్సరం ఆయన అన్రీ బ్రయ్ అనే పాతికేళ్ళ యువకుణ్ణి వెంటబెట్టుకుని ఆల్టమీరాకు ప్రయాణం కట్టాడు. గుహలో తేమకు నీటిరంగులు ఆరలేదు. అందుచేత బ్రయ్ వెల్లకిలా పడుకుని, రంగు సుద్దలతో దున్నలన్నిటికీ నకళ్ళు తీశాడు. కార్తైయాక్ మరీయా ఇంటికి కూడా వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడని అంటారు. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు దాటాయి. వినవలసిన తండ్రి పోయి పద్నాలుగేళ్ళయింది.

మరి ఆ రెండు అభ్యంతరాల మాట ఏమిటి? సుమారు 13,000 ఏళ్ళ కిందట కొండరాళ్ళు విరిగిపడి గుహ ద్వారం మూసుకుపోయింది. లోపలికి ఎండ లేదు, గాలి లేదు. రంగులు తాజాగా ఉన్నాయంటే అందుకే. ఎముకల్లోని మూలుగను దీపానికి వాడితే మసి బహు తక్కువ. ఆ అడవిదున్నలలో చాలావాటి వయస్సు సుమారు 15,000 ఏళ్ళు ఉంటుంది. అదే కప్పు మీద ఉన్న ఒక ఎర్రని గుర్తు 35,600 ఏళ్ళకు పైబడినదని 2012లో తేలింది. అంటే అక్కడ తరతరాలవాళ్ళు బొమ్మలు వేశారన్నమాట.

మరొక చిత్రం వినండి. ఆ గుహవాసులు తిని పారేసిన ఎముకల్లో ఎక్కువ భాగం ఎర్రజింకలవి. కప్పు మీద ఎక్కువగా వేసిందేమో దున్నలను! అందుచేత "వేట బాగా దొరకాలని తినే జంతువులను వేసుకునేవాళ్ళు" అన్న పాతమాట ఇక్కడ అంతగా అతకదు. మనం తినేది వరి అన్నమే అయినా, వాకిట్లో తామరపూలూ, నెమళ్ళూ ముగ్గు వేయటం లేదూ?

మన దేశానికీ ఇలాంటి కథ ఒకటి ఉన్నది. మరీయా తల పైకెత్తటానికి పన్నెండేళ్ళ ముందే, 1867-68లో, కార్లైల్ అనే ఇంగ్లీషు ఉద్యోగి మీర్జాపూర్ కొండల్లో జేగురు బొమ్మలు చూశాడు. ఆయన వాటి గురించి పుస్తకం వేయలేదు. అందుచేత లోకానికి పట్టలేదు. భోపాల్ దగ్గిర భీంబెట్కా కొండల బొమ్మలను 1957లో వాకణ్కర్ కనిపెట్టాడు. తెలుగుగడ్డ మీద కర్నూలు జిల్లా కేతవరం దగ్గిరా, భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టల మీదా రాతిబొమ్మలున్నాయి. వెళ్ళినవాళ్ళు చేతులు వెనక కట్టుకుని చూడాలి. చేతి చెమట కూడా ఆ రంగులకు హాని చేస్తుంది.

చెమట మాట అలా ఉంచి, ఆల్టమీరాకు ఊపిరే ముప్పయింది. 1970 ప్రాంతాల్లో ఏటా లక్షమందికి పైగా చూడవచ్చేవాళ్ళు. వాళ్ళ శ్వాసలోని తేమా, ఒంటి వెచ్చదనమూ రంగులను చెరచసాగాయి. 1977లో గుహను మూసేశారు. తరవాత కొద్దిమందిని రానిచ్చి, 2002లో మళ్ళీ తలుపులు వేశారు. అందుకు బదులుగా 2001లో పక్కనే ఒక నకలు గుహ కట్టారు. ఉబ్బులతో సహా ఆ కప్పును అచ్చంగా తయారుచేసి, జేగురుతోనూ బొగ్గుతోనూ పాతపద్ధతిలోనే దున్నలను వేశారు.

వచ్చే నెల ఈజిప్టుకు పోదాం. అక్కడి చిత్రకారులు మనిషి ముఖాన్ని పక్కకు తిప్పి, కన్నునూ భుజాలనూ మాత్రం ఎదురుగా ఎందుకు వేశారో చూద్దాం. ఈలోగా మీరూ ఒకసారి అలా నిలబడటానికి ప్రయత్నించండి!