పొట్టు పొయ్యి వేరు, బోర్డు ముక్కల మంట వేరు

మాదాపూర్: 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఆఫీసులు వెలుస్తూనే ఉన్నాయి. ఒక కంపెనీ ఖాళీ చేసి మరొకటి దిగినప్పుడల్లా లోపలి బల్లలు, అరలు, అడ్డు పలకలు ఊడదీసి కొత్తవి బిగించడం పరిపాటి అయింది. పనికొచ్చేది పాత సామాను వ్యాపారులు కొంటారు. మిగిలిన తునకల్లో కొన్ని లారీలెక్కి శివారు గ్రామాల ఖాళీ జాగాలకు చేరి, రాత్రివేళ మంటల పాలవుతున్నాయి. ఉచితంగా దొరికిన వంటచెరకని వాటిని ఇళ్లకు మోసుకుపోయే పేదలూ లేకపోలేదు. చూడడానికి చెక్కే, కాని చెట్టు నుంచి నేరుగా వచ్చిన చెక్క కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

కోత మిల్లు పొట్టు మన పల్లెలకు ఏనాడూ చెత్త కాలేదు. డబ్బా అడుగున పక్కకు రంధ్రం చేసి, నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాను మెల్లగా లాగి కింద నుంచి నిప్పు పెడితే పొట్టు పొయ్యి గంటల తరబడి నిలకడగా మండేది. గ్యాసు వచ్చాక ఆ పొయ్యిలు మూలపడ్డాయి గాని పొట్టుకు గిరాకీ పోలేదు. ఐసు దిమ్మలు కరగకుండా కప్పడానికి, కోళ్ల షెడ్లలో పరచడానికి, గట్టిగా నొక్కి దిమ్మెలు చేసి ఫ్యాక్టరీ బాయిలర్లలో వేయడానికి నేటికీ అమ్ముడవుతోంది. కొండపల్లి బొమ్మల కాళ్లూ చేతులూ అతికే మక్కు కూడా చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసేదే.

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోనూ, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ కథ వేరుగా నడిచింది. అక్కడి పెద్ద పెద్ద మిల్లుల వద్ద పొట్టు, బెరడు గుట్టలు పడేవి. వాటిని వదిలించుకోవడానికే మిల్లు పక్కన ధాన్యపు గాదె ఆకారంలో ఇనుప రేకుల కొలిమి కట్టేవారు. నెత్తిన జల్లెడ మూత, లోపల ఎడతెగని మంట. ఆ వేడి చాలావరకు గాలి పాలే. పొగకు, మసికి చుట్టుపక్కల ఊళ్లు విసిగిపోయాయి. 1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టం తెచ్చిన తర్వాత అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. బ్రిటిష్ కొలంబియా 1995లో ప్రత్యేక నిబంధనలు చేసింది. కాల్చవద్దన్న పొట్టు కాగితపు మిల్లులకూ, పార్టికల్ బోర్డు ఫ్యాక్టరీలకూ మళ్లింది.

ఆ రకం బోర్డే నేడు ఆఫీసు బల్లల్లో కనిపిస్తుంది. పొట్టును, చెక్క తునకలను సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలిపి వేడి మీద నొక్కితే పార్టికల్ బోర్డు. చెక్కను మెత్తటి నారగా చేసి నొక్కితే ఎం.డి.ఎఫ్. పైన సన్‌మైకా, అంచున ప్లాస్టిక్ పట్టీ. ఇది అరకొరగా మండితే ఫార్మాల్డిహైడ్ వంటి ఘాటు వాయువులు వెలువడతాయి. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. అంచు పట్టీ పి.వి.సి. అయితే ఆమ్లపు పొగ, డయాక్సిన్లు అదనం. కాబట్టి ఈ ముక్కలు వంటకు పనికిరావు, వీటి బూడిద పెంటకుప్పకు పనికిరాదు. కాల్చకూడదని బోర్డుగా మార్చిన పొట్టు జిగురు పూసుకొని మళ్లీ మంటలోకే వస్తోందన్నమాట!

యంత్రాలు దిగుమతి అయ్యే పెట్టెల చెక్క సంగతి వేరు. గోధుమ కంకి గుర్తున్న ముద్ర పక్కన ‘హెచ్.టి.’ అక్షరాలుంటే వేడితో పురుగు చంపినదని అర్థం. అది పచ్చి చెక్కే అయి, రంగు పూయనిదైతే పొయ్యిలో పెట్టవచ్చు. ‘ఎం.బి.’ ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది; దాని జోలికి పోరాదు.

చెత్తను బయట కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా విధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. అయితే జరిమానా పడేది అగ్గిపుల్ల గీసిన కూలీ మీదనే గాని ఆఫీసు ఊడదీయించిన వారి మీద కాదు. కట్టడ వ్యర్థాలపై 2016లోనే వచ్చిన నిబంధనలు రోజుకు 20 టన్నులు లేదా నెలకు ఒక ప్రాజెక్టులో 300 టన్నులు దాటినవారు చెక్కను వేరుచేసి అప్పగించాలన్నాయి. ఒక అంతస్తు మరమ్మతు ఆ లెక్కకు ఎక్కడ తూగుతుంది?

చెత్తతో కరెంటు తీసే ప్లాంటు 2020లో జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్లతో మొదలైంది. జిగురు బోర్డును కాల్చక తప్పకపోతే అలాంటి అధిక వేడి కొలిమే కావాలి. కాని గచ్చిబౌలికి అది నగరం ఆవలి కొస. అంతదూరం కిరాయి కట్టడం కన్నా పొలిమేరలో అగ్గిపుల్ల చవక. బోర్డు ముక్కలు ఎక్కడ దింపారో రశీదు చూపనిదే కాంట్రాక్టరుకు బిల్లు ఇవ్వరాదని భవన యజమానులు షరతు పెట్టుకోవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఈలోగా రాత్రివేళ వచ్చే లారీల నంబర్లు రాసుకొని అధికారులకు అందజేసే పని గ్రామ పంచాయతీలదే.