గాలి యంత్రం కన్నా ముందు పొయ్యి సంగతి చూడాలి

శ్రీకాకుళం (మా గ్రామీణ విలేఖరి): చలికాలం వచ్చిందంటే ఢిల్లీలో గాలి పీల్చలేని స్థితి ఏర్పడుతున్నదని, అక్కడి వారు ఇళ్లలో గాలి శుద్ధి యంత్రాలు పెట్టుకుంటున్నారని ఏటా వార్తలు వస్తున్న సంగతి పాఠకులకు విదితమే. పొట్ట చేతపట్టుకుని దూర ప్రాంతాలకు వలస వెళ్లిన మన జిల్లా యువకులు, ఊళ్లో దగ్గుతున్న తల్లికి అటువంటి యంత్రం ఒకటి కొని పంపుదామా అని ఆలోచిస్తున్నారు. వేల రూపాయల ఈ ఖర్చు మన పల్లె ఇంటికి ఏ మేరకు ఉపయోగమన్నది తేల్చుకోవలసిన విషయం.

ఉద్దానంలో నీటి శుద్ధి యంత్రాలను చూసిన జనానికి ఇదీ అలాంటిదేనని అనిపించడం సహజం. కాని శుద్ధి చేసిన నీటిని బిందెలో పట్టి మూత పెట్టుకోవచ్చు. గాలికి మూత లేదు. తలుపు తీస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

యంత్రం చేసే పని

ఈ యంత్రంలో ఒక పంకా, ఒక జల్లెడ ఉంటాయి. పంకా గదిలోని గాలిని లాగి జల్లెడ గుండా పంపుతుంది. 'హెపా' అనే మేలు రకం జల్లెడ 0.3 మైక్రాన్ల రేణువులను సైతం నూటికి 99.97 వంతులు పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరే ప్రమాదకరమైన పొగ రేణువులు 2.5 మైక్రాన్లు, అంతకంటె చిన్నవి. అంటే తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. వీటిని పట్టడంలో యంత్రానికి వంక పెట్టనక్కరలేదు.

అయితే కట్టెలు, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువును ఈ జల్లెడ ఆపలేదు. యంత్రం ఉన్నది కదా అని తలుపులు మూసి కుంపటి రాజేస్తే ప్రాణాలకే ముప్పు. పైగా గోడకు, కప్పుకు నడుమ సందులుండే పెంకుటిళ్లలో, పూరిళ్లలో ఎంతసేపు తిప్పినా బయటి గాలి వస్తూనే ఉంటుంది.

అసలు పొగ ఎక్కడిది?

మన పల్లెల్లో పొగ ముందు పుట్టేది వంటింట్లోనే. గోగు పుల్లలు, సరుగుడు కంప, కొబ్బరి మట్టలు, పిడకలు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఇళ్లలోని పొగ కారణంగా 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది మరణించారని, వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొయ్యి ముందు కూర్చునే తల్లి, ఆమె ఒడిలోని బిడ్డ ఎక్కువగా బలి అవుతున్నారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడానికి లేదు. 1983లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద గొట్టంతో కూడిన పొగలేని పొయ్యిలు వచ్చాయి. చాలాచోట్ల గొట్టాలు మసిపట్టి మూసుకుపోగా, బాగుచేసే నాథుడు లేక జనం పాత పొయ్యికే మళ్లారు. తర్వాత 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల పథకాలు గ్యాసును పల్లెలకు తెచ్చాయి. 2024 నవంబరు 1న దీపం రెండవ విడతను ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మన జిల్లాలోని ఈదుపురంలోనే ప్రారంభించారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. సొమ్ము ముందు చెల్లిస్తే తర్వాత ఖాతాలో జమ చేసే పద్ధతిన అది మొదలైంది.

కాని పెద్ద సంసారానికి మూడు సిలిండర్లు ఏడాదంతా చాలవు. అందుచేత అన్నం, కూర గ్యాసు మీద దించినా స్నానాల నీళ్లు, పశువుల కుడితి, ధాన్యం ఉడకబెట్టడం కట్టెల మీదనే సాగుతున్నాయి. సిలిండరు వచ్చినా పొగ పోకపోవడానికి ఇదే కారణం.

ఖర్చు లేని పనులు

నీళ్ల పొయ్యిని పెరట్లోకి మార్చడం, ఎండిన కట్టెలే వాడడం, వంటింటి కప్పులో పొగ పోయే దారి తీయడం, చంటిబిడ్డను పొయ్యికి దూరంగా ఉంచడం ఎవరైనా చేయగలిగినవే. చుట్టలు, అడ్డపొగ గది లోపల తాగకుండా చూడాలి. దోమల చుట్ట ఒకటి పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్నని రేణువులు వెలువడుతున్నాయని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. దోమతెరకు ఆ బెడద లేదు.

కొనదలచినవారికి

రోడ్డు పక్కన, మిల్లుల చెంత పక్కా ఇంట్లో ఉబ్బసం రోగి ఉంటే యంత్రం మేలు చేస్తుంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గదిలో 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అది గంటకు ఐదుసార్లు శుభ్రపడాలంటే పెట్టె మీద సి.ఎ.డి.ఆర్. అంకె 170కి తగ్గరాదు. హెపా ఉన్నదో లేదో చూడాలి. ఓజోను వెదజల్లేవి కొనరాదు. రోగి పడుకునే గదిలో తలుపులు మూసి తిప్పాలి. 50 వాట్ల యంత్రం పది గంటలు తిరిగితే అర యూనిట్టు కరెంటు ఖర్చవుతుంది. ఆరు నెలలకో ఏడాదికో జల్లెడ మార్చాలి గనుక దాని ధర ముందే అడిగి తెలుసుకోవాలి. మార్చకపోతే మసిపట్టిన పొయ్యి గొట్టానికి, దీనికి తేడా లేదు.

2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలకు చోటు దక్కింది. పట్టణం వీధిలోని ధూళికి లెక్కలున్నాయి గాని పల్లె వంటింటి పొగకు లెక్క లేదు. సిలిండర్ల సంఖ్యను సంసారం పరిమాణాన్ని బట్టి నిర్ణయించడం, వైద్య సిబ్బంది ఇళ్లకు వచ్చినప్పుడు పొయ్యిని కూడా పరిశీలించడం అవసరం. సంబంధిత అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉన్నది. అంతవరకు, తల్లికి యంత్రం పంపదలచిన కొడుకు ఆ సొమ్ములో కొంతతో ముందు నాలుగవ సిలిండరు తెప్పించడం మంచిది.