కాంటా కిలోలే చెప్తది, కండ సంగతి చెప్పదు

అంగన్‌వాడీల చూసే ఉంటరు. పిల్లగాన్ని కాంటా మీద నిలబెడ్తరు, పొడుగు కొలుస్తరు, ఆ రెండంకెలు టీచరు పోషణ్ ట్రాకర్‌ల ఎక్కిస్తది. ఎవరు బక్కగున్నరో, ఎవరు గిడసబారిన్రో ఇగ ఫోనే చెప్తది. మంచిదే. కానీ ఆ కిలోలల్ల కండ ఎంత, కొవ్వెంత, నీళ్లెంత? కాంటాకు ఎరుక లేదు.

ఇది పెద్ద సదువుల ముచ్చట అనుకోకుండ్రి. కాళ్లు ఉబ్బిన పిల్లను తూకమేస్తే బరువు బాగనే వస్తది. అది తిండి బరువు కాదు, ఒంట్ల చేరిన నీళ్ల బరువు. రెండు పాదాల మీద బొటనవేలు మూడు సెకండ్లు అదిమి తియ్యుండ్రి. రెండిట్ల గుంట పడి అట్లనే ఉంటే, బరువెంతున్నా తీవ్ర పోషకలోపం కిందనే లెక్క. ఆ పిల్లను దవాఖానకు తోలాలె.

2003ల పుణె డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఒక సంగతి బయటపెట్టింది. అక్కడి పల్లెల్ల పుట్టిన పిల్లల బరువు సగటున 2.7 కిలోలు, ఇంగ్లాండు పిల్లలది 3.5. మనోళ్లకు కండ బాగ తక్కువ, కొవ్వు మాత్రం అంతగ తగ్గలే. చూస్తే బక్క, లోపల కొవ్వు. పెద్దయినంక షుగరు ముప్పు అక్కడ్నే మొదలైతదంటరు. మరి బరువు పెంచుడొక్కటే లెక్కయితే బువ్వ, బిస్కెట్లు పెట్టి గూడ పెంచొచ్చు. కండకు పప్పు కావాలె, గుడ్డు కావాలె.

కండ, కొవ్వు విడదీసి చూసే డెక్సా మిషన్లు పట్నంల ఉంటయి. చర్ల, దుమ్ముగూడెం అడవుల్ల, సల్వాజుడుం కాలంల సరిహద్దు దాటొచ్చిన గొత్తికోయల గుంపులల్ల ఏముంటయి? అక్కడికి జబ్బ కొలిచే రంగుల పట్టీ చాలు. కరెంటక్కర్లే, సిగ్నలక్కర్లే. ఆరు నెల్లు నిండి అయిదేండ్ల లోపు పిల్లలకు ఎడమ జబ్బ నడిమిట్ల చుట్టాలె. 11.5 సెంటీమీటర్ల కన్న తక్కువైతే ఎరుపు, 12.5 లోపల పసుపు. గట్టిగ గుంజొద్దు, వదులుగ ఇడువొద్దు. సగం తప్పులు ఆడనే అయితయి.

పట్టీకి దొరకని పిల్లలు కాంటాకు దొరుకుతరు, కాంటాకు దొరకనోళ్లు పట్టీకి. అందుకే రెండూ కావాలె. తెలంగాణల అయిదేండ్ల లోపు పిల్లలు నూటికి 33 మంది గిడసబారిన్రని 2019-21 జాతీయ సర్వే చెప్పింది. రిజిస్టర్ల బరువు మోస్తున్న టీచరు మీద కోపం పెట్టుకోకుండ్రి. మీ ఊరి సెంటర్ల పట్టీ ఉన్నదా అడుగుండ్రి. బీరువల ఉంటే బయటికి తీయించుండ్రి.