పరీక్ష పెట్టింది దేవుడేనా?

ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానంలో దండం పెట్టుకుని, "ఇదంతా ఆయన పెట్టే పరీక్ష" అనుకుంటూ మెట్లు దిగే మనిషిని నేనెప్పుడూ తప్పుపట్టను. కష్టం ఎవరిదో ఆ మాట అనే హక్కు వాళ్లది. పక్కన నిలబడి చూసేవాడు అదే మాట అంటేనే నా మనసు ఒప్పుకోదు. 'భక్త పోతన' (1943), 'త్యాగయ్య' (1946), 'యోగి వేమన' (1947) చిత్రాల్లో ఆ మహానుభావులకు ప్రాణం పోసినవాడు నటుడు చిత్తూరు నాగయ్య. తెర మీద భక్తుడి బాధకు చివరికొక అర్థం దొరికేది. అడిగినవాడికి లేదనకుండా పెట్టిన ఆ చెయ్యి మాత్రం 1973లో ఆయన కన్నుమూసేనాటికి ఖాళీ అయిపోయింది. అందులో ఏ దైవ సంకల్పం వెతకమంటారు? 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోయాయి. కృష్ణానగర్ ఇరుకు గదుల్లో రోజుకూలీ మీద బతికే లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం డబ్బా అడుగు గీకిన రోజులవి. అప్పుడు చిరంజీవి చొరవతో ఏర్పడిన కరోనా క్రైసిస్ చారిటీ సరుకుల సంచులు ఇళ్లకు చేర్చింది. నాకు దేవుడి జాడ కనబడింది ఆ సంచుల్లోనే, ఆకలిలో కాదు. బాధ మనిషిని రాటుదేలుస్తుందంటారు. ఎందరినో విరిచేసిందీ అదే. అందుకే జూబ్లీహిల్స్ నిర్మాతలకు నాదొకటే విన్నపం: పని అయిన రోజే కూలీ చేతిలో పెట్టండి.